బాదం పొడి అంటిన చేతులు

ఏడాదికి పైగా నేను నా సొంత బిడ్డ చేతులకు భయపడ్డాను.

సాయంత్రం తను పని నుంచి వచ్చే వేళకు నేను ముందుగదిలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. తను గేటు దగ్గరే చెప్పులు విడిచి, గోడవారగా నడిచి, ఇంటి వెనకున్న బాత్‌రూమ్‌కు వెళ్ళేది. తలస్నానం చేసి, వేరే బట్టలు వేసుకుని, విడిచిన బట్టలను బకెట్లో నానబెట్టి మూత పెట్టి, అప్పుడు "అమ్మా, అయిపోయింది" అని కేకేసేది. ఆ కేక వినబడేదాకా నేను తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ ఉండేదాన్ని. పాతబస్తీలోని జహనుమాలో మాది రెండు గదుల ఇల్లు. అందులో ఒకరికొకరు ఎంత దూరం జరగగలరు? అయినా జరిగేవాళ్ళం.

నాకు బాదం పడదు. పడదంటే ఒళ్ళంతా దురదలు వచ్చి, ఒక మాత్ర వేసుకుంటే తగ్గిపోవడం కాదు. గొంతు మూసుకుపోతుంది. నా కూతురు పనిచేసేదేమో ఫ్రెంచి పద్ధతిలో కేకులు చేసే దుకాణంలో. అక్కడ సగం పని బాదం పొడితోనే.

మా పుట్టిల్లు పురానాపూల్ దగ్గర. నాన్న పాల వ్యాపారం చేసేవాడు. ముందు బర్రెల కొట్టం, వెనక ఇల్లు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు పక్కింట్లో నిశ్చితార్థం అయింది. ఆ ఇంటావిడ నన్ను పిలిచి చేతిలో బాదం కీ జాలీ పెట్టింది. బాదం పప్పు మెత్తగా రుబ్బి, చక్కెర కలిపి, పల్చగా ఒత్తి, పువ్వులా కోసి, పైన వెండి రేకు అంటించే మిఠాయి అది. దాని అందం చూసి తినబుద్ధి కాలేదు. తరవాత సగం కొరికాను. మిగతా సగం చేతిలో ఉండగానే నాలుక బరువెక్కింది. ఎవరో నా మెడ చుట్టూ తడిగుడ్డ చుట్టి మెల్లగా బిగిస్తున్నట్టు అనిపించింది. నాన్న పాలక్యాన్లు కింద పడేసి, నన్ను స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని బండిని ఆసుపత్రికి పరిగెత్తించాడు. ఎదురుగాలి మొహానికి కొడుతోంది. అంత గాలి ఉంది, నాకు మాత్రం ఊపిరి అందడం లేదు. నాకు బాగా గుర్తున్నది అదే.

ఆ రోజు మా అమ్మకంటే ఎక్కువ వణికింది పక్కింటి ఆవిడ. తన చేతి మిఠాయి తిని పరాయి ఇంటి పిల్లకు ఏమైనా అయితే మొహల్లా తనను ఏమంటుందోనని, నేను తిరిగొచ్చేదాకా వాకిట్లోనే నిలబడిందట. ఆ తరవాత ప్రతి ఈద్‌కీ పాలు, సేమియా, చక్కెర తప్ప ఇంకేమీ వేయని షీర్ ఖుర్మా ఒక చిన్న గిన్నెలో నాకోసం విడిగా పంపేది. మా అమ్మ అది తీసుకునేది, దండం పెట్టేది, తలుపు వేశాక నాకు పెట్టకుండా తనే తినేసేది. భయం మా ఇంట్లోకి ఆ రోజే వచ్చింది, మళ్ళీ పోలేదు.

పాతబస్తీలో బాదానికి దూరంగా బతకడం ఎంత కష్టమో బయటివాళ్ళకు తెలియదు. పెళ్ళి భోజనాల్లో, షర్బత్‌లో, హల్వాలో, చివరికి గుడి ప్రసాదంలో కూడా అది ఉంటుంది. నేను సిటీ బస్సులో కండక్టర్‌ను. ఎవరో ఒక ప్రయాణికురాలు దర్శనం చేసుకుని వస్తూ "జర తీస్కో అమ్మా" అని ప్రసాదం చేతిలో పెడుతుంది. కళ్ళకద్దుకుని సంచిలో వేసుకుంటాను. డ్యూటీ దిగాక ఎవరికో ఇచ్చేస్తాను. చేతులు కడుక్కుంటాను. మళ్ళీ కడుక్కుంటాను.

నా కూతురు ఇంటర్ అయ్యాక బేకింగ్ కోర్సులో చేరతానంటే నేను కేకులంటే బ్రెడ్డు, బిస్కెట్లు, పుట్టినరోజు క్రీమే అనుకున్నాను. నయాపూల్ వంతెనకు ఇవతల, కోర్టు వెనక సందుల్లో ఒక పాత ఇంటిని బాగుచేయించి ఫ్రెంచి కేకుల దుకాణం పెట్టారు. పెట్టినావిడ ఆ సందుల్లోనే పుట్టి పెరిగింది. చాలా ఏళ్ళు బయటి దేశాల్లో ఆ పని నేర్చుకుని తిరిగొచ్చింది. కోర్సు అయ్యాక మా అమ్మాయి అక్కడ చేరింది. ఆవిడను ఆపా, అంటే అక్కా, అని పిలుస్తుంది. చేరిన మొదటివారమే నాకు చెప్పింది.

"అమ్మా, అక్కడ మాకరాన్లు చేస్తరు. దాంట్ల మైదా ఉండదు. మొత్తం బాదం పొడే."

ఏమంటాను? తన కళ్ళల్లో వెలుగు నాకు కనబడుతూనే ఉంది. ఆ సాయంత్రమే తను గేటు దగ్గర చెప్పులు విడవడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. తనే మొదలుపెట్టింది.

ఆ ఏడాదంతా తను చేసినవి అందరూ తిన్నారు. మా ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. తన ఆఫీసువాళ్ళందరికీ డబ్బా తీసుకుపోయేవాడు. మా ఆడపడుచు పిల్లలు తిన్నారు. ఎదురింటివాళ్ళు తిన్నారు. నేను ఫోన్‌లో ఫొటోలు చూసేదాన్ని. గులాబీ రంగువి, పిస్తా రంగువి, చిన్న బొత్తాల్లాగా ఒకదానిపక్క ఒకటి పేర్చినవి. బాగున్నాయి బిడ్డా అనేదాన్ని. ఫొటో చూశాక కూడా చేతులు కడుక్కునేదాన్ని.

ఒక ఆదివారం తను నా మంచం పక్కన కూర్చుంది.

"అమ్మా, నీకోసం నేను బాదం లేకుండ మాకరాన్ చేసిన."

నేను లేచి కూర్చున్నాను.

"భయపడకు. తర్బూజ గింజలతోని చేసిన. నువ్వు కూరల్ల ఏస్తవ్ కదా, అవే. కొత్త మిక్సీ జార్ కొన్న. మస్తు సార్లు చెడిపోయినయ్. ఇప్పుడు మంచిగ వస్తున్నయ్. ఆపాను అడిగిన. సోమవారం దుకాణం బంద్ ఉంటది కదా, కిచెన్ మొత్తం కడిగిస్తనన్నది. నువ్వు ఒక్కసారి రావే. నేను పనిచేసే జాగ నువ్వు ఒక్కసారన్న చూడాలె."

"ఇంటికే తెచ్చియ్యి బిడ్డా."

"ఇంట్ల ఓవెన్ లేదు కదనే. అవి చేసినంక తాజాగ తినాలె. ఇంకొకటి... నువ్వు మా షాపుల కూసుంటే నేను చూడాలె."

మా ఆయన వాకిట్లోంచి విన్నాడు. లోపలికి వచ్చాడు.

"ఏందే, మీ ఇద్దరికీ పిచ్చి గిట్ల లేసిందా? గా జాగల గోడలకు గుడ బాదం పొడి ఉంటది. ఒక్క తిండి కోసం పానం మీదికి తెచ్చుకుంటరా?"

అమ్మాయి మొహం వాడిపోయింది. ఆయన అన్నది తప్పు కాదు. నేనూ అదే అనుకుంటున్నాను. కానీ ఆ మొహం చూశాక నా నోట్లోంచి "వస్త" అనే వచ్చింది. అన్న మరుక్షణం నుంచే భయం మొదలైంది.

నా దగ్గర ఒక స్టీలు డబ్బా ఉంటుంది. అందులో దూదిలో చుట్టిన చిన్న గాజు సీసా, సిరంజి, రెండు రకాల మాత్రలు. కొన్నేళ్ళ కిందట ఒక డాక్టరమ్మ రాసిచ్చింది. గొంతు బిగుసుకుంటే ఆలోచించకుండా తొడ కండలో ఆ ఇంజెక్షన్ పొడవాలని, పొడిచి వెంటనే ఆసుపత్రికి రావాలని చెప్పింది. మా అమ్మాయి బత్తాయి పండు మీద పొడిచి పొడిచి నేర్చుకుంది. మా ఆయనకు మాత్రం సూది పట్టుకుంటే చేతులు వణుకుతాయి. స్తంభాలెక్కే మనిషి. సోమవారం పొద్దున ఆ డబ్బా తీసి చూశాను, సంచిలో పెట్టాను, మళ్ళీ తీసి చూశాను.

మధ్యాహ్నం డ్యూటీ దిగి నయాపూల్ దగ్గర ఆటో దిగాను. కోర్టు గేటు ముందు నల్లకోట్లు, జనాలు, తోపుడు బండ్లు, హారన్లు. ఆ రద్దీలో నాకు భయం వేయదు. రోజూ అలాంటి జనంలోనే టిక్కెట్లు కొడతాను. సందులోకి తిరిగాక, ఆ సద్దు తగ్గాక, భయం వేసింది. అమ్మాయి సందు మలుపులోనే నిలబడి ఉంది. తెల్ల కోటు వేసుకుని, జుట్టు మొత్తం టోపీలోకి దోపుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని.

"ఇయ్యాల బాదం ముట్టలేదమ్మా. నిన్నటి సంది ముట్టలేదు" అంది, నేను అడగకముందే.

దుకాణం తలుపు తెరిచింది ఆ ఆపానే. నలభై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉంది. మోచేతుల దాకా కాలిన మచ్చలు.

"ఆవో దీదీ. ఫికర్ నక్కో, భయపడకుండ్రి. నిన్న షామ్ సంది కడుగుతనే ఉన్నం. గోడలు, అల్మారీలు, ఓవెన్, సబ్ కుఛ్. బాదం డబ్బాలు మా అమ్మోళ్ళ ఇంటికి పంపిన."

లోపల ఎత్తయిన పైకప్పు, పాతకాలపు కిటికీలు, పైన రంగుటద్దాలు. కౌంటర్‌లో గాజు అరలు ఖాళీగా ఉన్నాయి. మామూలు రోజుల్లో అక్కడ ఏమేమి ఉంటాయో చిన్న చిన్న అట్టముక్కల మీద రాసి ఉంది. ఆ అట్టముక్కలకు కూడా దగ్గరగా వెళ్ళలేదు నేను. కుర్చీ వెనుకభాగాన్ని కొంగుతో తుడిచి కూర్చున్నాను. ఫినాయిల్ వాసన, దాని కింద వెన్న వాసన, దాని కింద ఇంకేదో. బాదం వాసనేనా? నా ముక్కే అబద్ధం చెబుతోందా? సంచిని ఒళ్ళో పెట్టుకుని, పైనుంచే డబ్బా అంచును తడిమాను.

అమ్మాయి ఇంటి నుంచి తెచ్చిన స్టీలు పళ్ళెంలో రెండు తెచ్చి పెట్టింది. ఒకటి నిమ్మకాయ టార్ట్. అరచేతిలో పట్టే గిన్నెలా కాల్చిన పిండి, లోపల పసుప్పచ్చని నిమ్మ క్రీము. రెండోది మాకరాన్. గులాబీ రంగు. పైన ఒక్క గీత కూడా లేదు, చిన్నపిల్ల బుగ్గలా నున్నగా ఉంది. అంచుల దగ్గర చిన్న కుచ్చులా పొంగింది.

తను ఎదురు కుర్చీలో కూర్చోలేదు. నిలబడే ఉంది. ఆపా వంటగది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. వాళ్ళిద్దరూ నా నోటినే చూస్తున్నారు.

మొదట టార్ట్ తిన్నాను. చెంచా కొసతో కొంచెం. నాలుక మీద పెట్టుకుని ఆగాను. పులుపు, తీపి, వెన్న. ఇంకేమీ లేదు. మింగాను. ఆగాను. గొంతు దారి మామూలుగానే ఉంది. ఇంకో చెంచా. మా అమ్మాయి ఊపిరి వదలడం నాకు వినబడింది.

"ఎట్లుందే?"

"మంచిగుంది. మస్తుంది బిడ్డా."

కాస్త ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతోనే మాకరాన్ చేతిలోకి తీసుకున్నాను. బరువే లేదు. కొరికితే పైపొర సన్నగా చిట్లింది, లోపల మెత్తగా పళ్ళకు అంటుకుంది, మధ్యలోంచి గులాబీ వాసన ముక్కులోకి ఎక్కింది. అంత సుకుమారమైన వస్తువు నా నోట్లోకి అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఇన్నాళ్ళూ నేను ఫొటోల్లో చూసి భయపడింది ఇదా అనుకున్నాను. ఇంకో కొరుకు కొరికాను. మా అమ్మాయి నవ్వుతోంది. నేనూ నవ్వాను. మూడో కొరుకుతో అది అయిపోయింది.

కాసేపు మాట్లాడుకున్నాం. పైపొర పగలకుండా రావాలంటే గుడ్డు తెల్లసొన ఎంతసేపు గిలకొట్టాలో తను చెబుతోంది. నేను వింటున్నాను. కింది పెదవి లోపలివైపు చీమ పాకినట్టయింది.

భయమే అనుకున్నాను. నాకు ఇది కొత్త కాదు. పెళ్ళిళ్ళలో ఉత్త అన్నం తిన్నా గొంతు బిగిసినట్టు అనిపిస్తుంది, నీళ్ళు తాగితే పోతుంది. నీళ్ళు తాగాను. నీళ్ళు దిగాయి. కానీ చీమ పోలేదు. చెవుల్లో దురద మొదలైంది. అరచేతులు వేడెక్కాయి. నవ్వుతూనే ఉండాలని చూశాను. ఇది ఉత్త భయమైతే, ఇప్పుడు నేను నోరు తెరిచి చెబితే, ఈ పిల్ల ఇన్ని నెలలు పడిన కష్టమంతా పాడవుతుంది. భయం కాకపోతే?

"అమ్మా, నీ మెడ" అంది తను.

మెడ మీద చెయ్యి వేసుకున్నాను. ఎత్తుగా దద్దుర్లు తగిలాయి. అప్పుడు తెలిసింది ఇది భయం కాదని. తెలిశాక వచ్చిన భయం ముందటి దానిలాంటిది కాదు. అది చల్లగా, నిశ్శబ్దంగా, కాళ్ళలోంచి పైకి వచ్చింది. "డబ్బా" అనబోయాను. ఆ మాట సగమే బయటికి వచ్చింది. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది.

తను నా సంచి లాక్కుని డబ్బా తెరిచింది. సీసా మెడ విరవబోతే చేతుల్లోంచి జారింది. బల్ల మీద దొర్లింది. అది దొర్లుతూ అంచుకు పోవడం నేను చూస్తున్నాను, చెయ్యి చాపలేకపోతున్నాను. ఆపా ఒక్క అంగలో వచ్చి బల్ల అంచున అరచెయ్యి అడ్డం పెట్టింది. మా అమ్మాయి సీసా తీసుకుని విరిచింది. వేలు తెగింది. రక్తం కారుతుండగానే మందు సిరంజిలోకి లాగింది. నా ఖాకీ చీర మీదనుంచే తొడలో పొడిచింది.

"అమ్మా, నన్ను చూడు. నన్నే చూడు. ఊపిరి తీస్కో."

తను ఏడవడం లేదు. మొహం తెల్లగా పాలిపోయింది కానీ గొంతు గట్టిగానే ఉంది. నేను తననే చూశాను. ఊపిరి సన్నటి గొట్టంలోంచి ఈలలా వస్తోంది. నేను పోతే ఈ పిల్ల ఇక బతకదు అనుకున్నాను. నేను పోతానన్న భయం కన్నా అది పెద్దది. తన చేత్తో చేసింది తిని, తన కళ్ళ ముందు, తను పనిచేసే చోట. దేవుడా, ఇంకెక్కడన్నా తీసుకుపో, ఇక్కడ వద్దు అనుకున్నాను.

ఆపా సందు చివరికి పరిగెత్తి ఆటో పిలుచుకొచ్చింది. ఇద్దరూ కలిసి నన్ను ఎక్కించారు. పెద్దాసుపత్రి దగ్గరే, వంతెన దాటితే వస్తుంది. కానీ ఆ వేళకు నయాపూల్ మీద బండి కదలడం లేదు. ముందు లారీ, పక్కన బస్సులు. నేను రోజూ తిట్టుకునే ట్రాఫిక్కే.

"భాయ్, జల్దీ! అమ్మకు ఊపిరాడ్తలేదు భాయ్!" మా అమ్మాయి అరుస్తోంది.

"ఎట్ల పోవాలె బేటా, జాగ ఏది?" ఆటో అతను హారన్ మీంచి చెయ్యి తీయడం లేదు.

అప్పుడు ఆపా ఆటోలోంచి దూకింది. తెల్ల ఏప్రాన్‌తోనే మా ముందు పరిగెత్తింది. బండ్ల బానెట్ల మీద అరచేత్తో కొడుతూ, "హటో! మరీజ్ హై! రాస్తా దేవ్!" అని అరుస్తూ. ఒక మోటార్‌సైకిల్ అతను దిగి తన బండిని పక్కకు ఎత్తాడు. ఒక వకీలు నల్లకోటు ఊపుతూ బస్సును ఆపాడు. ఆటో సందు చేసుకుని కదిలింది. వంతెన అంతా ఆ తెల్ల ఏప్రాన్ నా ముందు ఊగుతూ పోతోంది. కళ్ళు మూతలు పడుతుంటే దాన్నే పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. అది కనబడినంతసేపు నేను బతికి ఉన్నట్టే అనుకున్నాను.

ఆసుపత్రిలో ఇంకో ఇంజెక్షన్ ఇచ్చారు, మొహానికి ఆక్సిజన్ పెట్టారు, సెలైన్ ఎక్కించారు. మెల్లగా ఈల ఆగింది. డ్యూటీలో ఉన్న డాక్టరు చిన్నవాడు. మంచం పక్కన నిలబడి మా అమ్మాయితో అన్నాడు.

"ఫస్ట్ ఇంజెక్షన్ నువ్వే ఇచ్చినవా? అది ఇయ్యకుంటే ఇక్కడిదాక వచ్చెటోళ్ళు కాదు."

ఆయన మెచ్చుకోవడానికే అన్నాడు. తను అది విని గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. అప్పుడు ఏడ్చింది.

మా ఆయన డ్యూటీ నుంచి పరిగెత్తుకొచ్చాడు. బెల్టుకు కటింగ్ ప్లయర్ వేలాడుతూనే ఉంది. నన్ను చూశాడు, మూలన కూర్చున్న బిడ్డను చూశాడు. తిడతాడని నేను కళ్ళు మూసుకున్నాను. ఆయన బిడ్డ దగ్గరికి వెళ్ళి, తెగిన వేలు పట్టుకుని, జేబు రుమాలు చుట్టాడు.

మర్నాడు నన్ను ఇంటికి పంపారు. ఆ రోజే మా అమ్మాయి మిగిలిన తర్బూజ, అదే పుచ్చకాయ, గింజల పొట్లం తెచ్చి నల్లటి దుప్పటి మీద పోసింది. ఒక డ్రైఫ్రూట్స్ దుకాణంలో విడిగా కొన్న గింజలు అవి. పొట్టు తీసినవి, తెల్లగా, పల్చగా ఉన్నాయి. ఒక్కొక్క గింజా వేలితో పక్కకు నెట్టుతూ వెతికింది. కాసేపటికి ఆగింది. గింజల మధ్య ఒక చిన్న చెక్క. అదే తెలుపు, అంతే పల్చన. పొట్టు తీసిన బాదం ముక్క. ఇంకాస్త వెతికితే ఇంకొకటి దొరికింది. అన్ని బస్తాల్లోనూ ఒకే గరిటె వేస్తారు కాబోలు.

"కండ్ల ముందర్నే ఉన్నది. కడిగిన, ఆరబెట్టిన. నాకు కనవడలే" అంది.

"ఎవరికి కనవడ్తది బిడ్డా?"

తను దుప్పటి నాలుగు అంచులూ కూడదీసి బయటికి తీసుకుపోయి దులిపింది. ఆ మరుసటి రోజు పనికి వెళ్ళలేదు. ఆ వారమంతా వెళ్ళలేదు. ఫోన్ ఆపేసింది. ఇంట్లో అన్నం తనే వడ్డించే అలవాటు, అది కూడా మానేసింది. నా పళ్ళెం ముట్టుకోదు, నా మంచినీళ్ళ గ్లాసు ముట్టుకోదు. నేను ఏది తింటున్నా గుమ్మం దగ్గర నిలబడి నేను మింగడం చూస్తుంది. నేను రెండోసారి మింగితే ఊపిరి వదులుతుంది.

ఆ చూపు నాకు తెలుసు. మా అమ్మ నన్ను అలాగే చూసేది. నాకు అప్పటిదాకా తెలియని కొత్త భయం ఒకటి పట్టుకుంది. నా భయం ఈ పిల్లకు అంటుకుపోయిందని. నేను నలభై ఏళ్ళు మోసింది తను ఇరవై ఏళ్ళకే ఎత్తుకుందని. ఒంటికి పడని దానికి ఇంజెక్షన్ ఉంది. దీనికి ఏం చేయాలి?

ఆదివారం పొద్దున గేటు చప్పుడైంది. తీసి చూస్తే ఆపా. చేతిలో ఏమీ లేదు. వాకిలి అవతలే నిలబడింది.

"నహాకే, తానం చేసి వచ్చిన దీదీ. బట్టలు గుడ ఉతికినయ్. లోపలికి రావచ్చా?"

ఆ మాటకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. ఆవిడ కుర్చీలో కూర్చుంది.

"మీకు ఏమన్న అయివుంటే," అని ఆగింది. "ఆ రోజు సంది నాకు నిద్ర లేదు. దుకాణం మూసేద్దామనుకున్న. మా అమ్మ ఒక్కటే అడిగింది. నీ దగ్గర పనిచేసే ఆ పిల్ల ఎట్లుంది అని."

మా అమ్మాయి లోపలి గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నేను ఇంక రాను ఆపా. వేరే పని చూస్కుంట."

ఆపా నా వైపు చూసింది. నేనే ఏదో అనాలని అర్థమైంది. నిజం చెప్పాలంటే, తను మానేస్తే నాకు సుఖం. గేటు దగ్గర చెప్పులు, బకెట్లో బట్టలు, ఏవీ ఉండవు. ప్రశాంతంగా ఊపిరి పీల్చుకోవచ్చు. ఆ ఆశ నాలో ఒక్క క్షణం మెదిలింది. తరవాత, పళ్ళెం ముట్టకుండా గుమ్మంలో నిలబడే ఆ పిల్ల ఇంకో నలభై ఏళ్ళు అలాగే నిలబడి ఉండడం కనబడింది.

"ఇటు రా" అన్నాను. వచ్చింది. "ఆ రోజు సూది పొడిచినంక ఏమన్నవ్ నువ్వు? నన్నే చూడు అన్నవ్. నేను చూసిన్నా? చూసిన కదా. ఇప్పుడు నువ్వు నన్ను చూడు. నాకు భయం ఉంటది. పోదు. నా భయం నాతోని ఉంటది. దాన్ని నువ్వెందుకు మోస్తవ్?"

"మళ్ళ గట్లనే అయితే?"

"నీ చేతిది నేను తినను. ఇంక ఎన్నడు తినను. గంతే. నువ్వు చెయ్యి, లోకం తింటది."

తను నమ్మిందో లేదో తెలియదు. ఆ మర్నాడు కాదు, ఇంకో మూడు రోజులకు పనికి వెళ్ళింది. ఆ రోజు నేను బస్సులో ఎవరికి ఎంత చిల్లర ఇచ్చానో నాకే తెలియదు. సంచిలో ఫోన్ మోగినప్పుడల్లా టిక్కెట్లు ఆపి తీసి చూసేదాన్ని.

ఈ మధ్య ఒకరోజు డ్యూటీ లేక ఆ సందులోకి వెళ్ళాను. లోపలికి పోలేదు. ఎదురుగా మూసి ఉన్న ఒక షట్టర్ ముందు అరుగు మీద కూర్చున్నాను. అక్కడినుంచి వంటగది కిటికీ కనబడుతుంది. మా అమ్మాయి వంగి, పెద్ద ట్రే మీద పిండి నింపిన కోను సంచి నొక్కుతూ చిన్న చిన్న చుక్కలు పెడుతోంది, ఒకదానికొకటి తగలకుండా, ఒకే సైజులో. నాలుక కొస బయటికి వచ్చింది. చిన్నప్పుడు లెక్కలు చేసేటప్పుడు అలాగే పెట్టేది. పక్క బల్ల మీద ఎవరో జల్లిస్తున్న తెల్లటి బాదం పొడి గాలిలో లేచి కిటికీ వెలుగులో తేలుతుంటే నాకు మెడ మీద చెమట పట్టింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. కూర్చున్నాను.

దుకాణంలోంచి ఒక పెద్దావిడ పెట్టె పట్టుకుని బయటికి వచ్చింది. ఎండకు ఆగి, ఆటో కోసం చూస్తూ నా పక్కన అరుగు మీద కూర్చుంది. పెట్టెను ఒళ్ళో పెట్టుకుంది. నేను మెల్లగా జరిగి కూర్చున్నాను. ఆవిడ నేను చోటు ఇచ్చాననుకుని నవ్వింది.

"మా మనవరాలికి గివే కావాల్నట. ఏమో రంగు రంగువి. నువ్వెప్పుడన్న తిన్నవా అమ్మా?"

"తిన్న" అన్నాను. "మస్తుంటయ్. లోపల చేసేది నా బిడ్డనే."

ఆవిడ మెడ చాచి కిటికీలోంచి చూసింది. ఆటో వస్తే ఎక్కి వెళ్ళిపోయింది. నేను ఇంకాసేపు అక్కడే కూర్చున్నాను, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.